పెద్ద పెట్టె మూగబోయిన ఉదయం

శనివారం తొమ్మిదికల్లా ఇల్లు కదలాలని, పదింటికి డెంటిస్టు కొత్త క్లినిక్ ప్రారంభంలో గిటార్లు వాయించాలని బావ, బావమరిది అనుకున్నారు. ఎనిమిదిన్నరకు పెద్ద ఆంప్లిఫయర్ స్విచ్ వేశారు. ఎర్ర లైటు వెలిగింది. శబ్దం మాత్రం రాలేదు. ఇద్దరి గిటార్లనూ మోసే పెట్టె అదొక్కటే.

"ఈసారి కూడా నవ్వులపాలైతే ఆ గిటార్లు అటకెక్కుతాయి. ముందే చెబుతున్నా," అంది అక్క.

"చిన్నవి రెండున్నాయి కదే!" అన్నాడు బావ.

ఒకటి బావ ప్రాక్టీసు చేసుకునే చిన్న పెట్టె. ఇంకొకటి బావమరిది చదువుకునే రోజుల్లోది. శబ్దం పెంచే మీట ఊడిపోతే టూత్‌పేస్టు మూత తొడిగాడు.

క్లినిక్‌లో కుర్చీల కింద వైర్లు చిక్కుపడ్డాయి. హడావిడిలో బావ గిటార్ వైరు బావమరిది పెట్టెలోకి, బావమరిదిది బావ పెట్టెలోకి వెళ్లాయి. ఇద్దరూ చూసుకోలేదు.

పాట మొదలైంది. తన గిటార్ వినబడటం లేదని బావ తన పెట్టె శబ్దం పెంచాడు. బావమరిది గిటార్ గోలపెట్టింది. తానే ఎక్కువైపోయానని బావమరిది కంగారుగా తన పెట్టె తగ్గించాడు. బావ గిటార్ అజా అయిపూ లేకుండా పోయింది. బావ ఇంకా పెంచాడు.

"కాస్త తగ్గించరా!"

"తగ్గించాను బావా! సున్నాలో ఉంది!"

"సున్నాలో ఉంటే ఈ గోలేంటి? నన్ను తొక్కేద్దామనా?"

"ఏమో బావా, నాకేం అర్థం కావట్లేదు!"

లోపల కుర్చీలో ఉన్న మొదటి పేషెంటు తెరిచిన నోరు తెరిచినట్టే బయటికొచ్చేశాడు. గుమ్మం దగ్గర అక్క, అటక ఎత్తు కొలుస్తున్నట్టు పైకప్పు వంక చూసింది.

బావ విసుగెత్తి రెండు వైర్లూ పీకేశాడు. "ఉత్త తీగలతోనే వాయిద్దాం. వినేవాళ్లే దగ్గరికొస్తారు."

వచ్చారు కూడా. మాట్లాడితే వినబడనంత మెల్లగా సాగింది పాట. పేషెంటు తనంతట తానే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రతి శనివారం రండి," అన్నాడు డెంటిస్టు. "ఆ పెట్టెలు మాత్రం తేకండి."

ఇంటికొచ్చాక అక్క పెద్ద పెట్టె వెనక చెయ్యి పెట్టి ఒక వైరు లాగింది. చివర హెడ్‌ఫోన్లు. అవి గుచ్చి ఉన్నంతసేపూ పెట్టె బయటికి పలకదు.

"నిన్న నాకు తలనొప్పిగా ఉందని మీరే కదండీ వీటితో వాయించుకున్నారు?"

బావ బావమరిది వంక చూశాడు. బావమరిది కిటికీ వంక చూశాడు.

అక్క మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రమే గిటార్లకు బదులు మూడు పెట్టెలూ అటకెక్కాయి.