చిన్నరసం మీద హత్యాయత్నం

"ఈ ఆగిరిపల్లి మండలంలో నేరం చెయ్యాలనుకునేవాడు ముందు నా ఫొటో చూడాలి. చూశాక బుద్ధిగా ఇంటికెళ్లి పడుకోవాలి!"

మా దుర్గాప్రసాద్ బాబాయి నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ ఈ ప్రకటన చేసినప్పుడు మామిడికాయల షెడ్డులో దాన్ని చెవిన వేసుకున్నది నేనూ, మా కుక్క సింహమూ మాత్రమే. సింహం ఆవలించింది.

బాబాయి అసలు పని తోటలో కాయ దింపించడం. డిటెక్టివ్ పని ఆయన ఆశయం. అప్పటికి ఛేదించిన కేసులు రెండు. మా నాయనమ్మ వెంకాయమ్మ పోగొట్టుకున్న కళ్లజోడు ఆవిడ తలమీదే దొరికింది. రెండోది మోటారు దొంగ. బాబాయి చెట్టుచాటున మాటువేసి అతన్ని పట్టుకున్నాడు. తీరా చూస్తే మోటారు బాగుచెయ్యమని ఆయనే ఫోన్ చేసి పిలిచిన మెకానిక్కు.

నేను ఆయన అసిస్టెంటుని. నాకు పదహారేళ్లు. కొత్తవాళ్ల ముందే కాదు, పాతవాళ్ల ముందు కూడా నాకు నోరు పెగలదు. డైరీ మాత్రం రోజూ రాస్తాను. "ప్రసన్న మాట్లాడదు, రాస్తుంది. డిటెక్టివ్‌కి ఇంతకంటే ఏం కావాలి?" అని బాబాయి నన్ను అడక్కుండానే ఉద్యోగంలో పెట్టుకున్నాడు.

ఆ పొద్దున్న బాబాయి ప్రకటన ఇంకా పూర్తి కాలేదు, షెడ్డు అవతలి కొసనించి నాయనమ్మ కేక వినిపించింది.

"ఒరేయ్ ప్రసాదూ! చిన్నరసానికి ఏదో అయిందిరా!"

చిన్నరసం మా పిల్లి. మాగిన పండు రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. గడ్డిలో పేర్చిన కాయల మీదికి ఎలకలు రాకుండా చూసుకునేది అదే. నాయనమ్మకి మాత్రం మాకంటే అదే ఎక్కువ. మేం వెళ్లేసరికి అది నేలమీద పక్కకి పడి ఉంది. కాళ్లూ చెవులూ ఎగిరెగిరి పడుతున్నాయి. నోట్లోంచి చొంగ కారుతోంది.

"విషప్రయోగం!" అన్నాడు బాబాయి.

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్లరా."

"అమ్మా! బాధితురాలిని కదిలిస్తే ఆధారాలు చెదిరిపోతాయి. పదే పది నిమిషాలు. హంతకుడు మన మధ్యనే ఉన్నాడు."

మధ్యలో ఉన్నది అచ్చమ్మత్త. ఆవిడ మా షెడ్డులో కాయల్ని సైజుల వారీగా ఏరుతుంది. గంపముందు కూర్చుని పని చేసుకుంటోంది.

"అచ్చమ్మా! నిన్న మధ్యాహ్నం ఈ పిల్లిని చూసి 'నీ అంతు చూస్తా' అన్నావా లేదా?"

"అన్నాను బాబూ. కేరేజీలోంచి చేపముక్క ఎత్తుకుపోతే హారతి ఇమ్మంటారా?"

"నేరం ఒప్పుకుంది! రాసుకో ప్రసన్నా."

"పోయినేడు మిమ్మల్ని కూడా అన్నాను. బతికే ఉన్నారుగా!"

బాబాయి ఆ మాట వినపడనట్టు ఆవిడ సంచీ తెరిచాడు. చిన్న కాయితం పొట్లం దొరికింది. విప్పితే ఎర్రటి పొడి. దాన్ని భూతద్దంలో చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ప్రసన్నా, కొంచెం నాలిక మీద వేసుకుని చూడు."

"ఉప్పూకారం బాబాయ్. పచ్చికాయ ముక్కల్లోకి."

"ఉప్పూకారం వేషంలో వచ్చింది! ఎంత తెలివైన విషం!"

మామూలు రోజైతే నాయనమ్మ ఆయన నెత్తిమీద ఒకటి మొట్టేది. కానీ ఆ పూట ఆవిడ ఒళ్లో చిన్నరసం వణికిపోతోంది. ఏడుపులోనే అనేసింది.

"రేపట్నించి నువ్వు పనిలోకి రాకు అచ్చమ్మా."

షెడ్డులో ఉన్న కూలీలందరూ తలలు ఎత్తారు. అచ్చమ్మత్త చేతిలో కాయని గంపలో పెట్టి లేచింది.

"పదకొండేళ్లు మీ కాయ ఏరాను అమ్మగారూ. పని పోతే ఇంకో తోట ఉంది. మూగజీవానికి విషం పెట్టిందన్న పేరేసుకుని నేను ఏ తోటకి వెళ్లను?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ముందురోజు సాయంత్రం ఆవిడే మిగిలిన పెరుగన్నం చిన్నరసానికి పెట్టి, "దొంగముండా, తిను" అని దాని తల నిమరడం నేను చూశాను. చెబుదామనుకున్నాను. చెబితే ఆ పెరుగన్నమే విషం అంటాడేమో బాబాయి! భయమేసి ఊరుకున్నాను.

"నిన్న సాయంత్రం జరిగినవి చదువు" అన్నాడాయన.

నోటుబుక్కు తీశాను. "ఐదింటికి, సింహం రక్తం తాగుతున్న గోమార్లు చావడానికి అమ్మ నూజివీడునించి తెచ్చిన మందు, దాని మెడ వెనక, వెంట్రుకలు పాయదీసి, చర్మం మీద వేశాను. ఆరింటికి..."

"కొట్టెయ్! పడిపోయింది పిల్లి. మధ్యలో కుక్క గోల ఎందుకు?"

కొట్టేశాను.

"ఇప్పుడు చరిత్రలో ఎవరూ చెయ్యని పరిశోధన చేస్తాను. బాధితురాలు రాత్రంతా ఏం చేసిందో అదంతా నేను చేస్తాను. ఈ క్షణంనించి నేను పిల్లిని."

బాబాయి చేతులూ మోకాళ్లూ ఆనించి పాకడం మొదలుపెట్టాడు. కాయల వరసల మధ్య పాకాడు. రెండు ట్రేలు పడగొట్టాడు. "రాత్రి పడక ఎక్కడ?" అని అడిగాడు. గడ్డిలో ముడుచుకుని ఉన్న సింహాన్ని చూపించాను. చిన్నరసం రోజూ దాని మెడమీద తల పెట్టుకునే పడుకుంటుంది. బాబాయి కూడా కుడిచెంప సింహం మెడమీద ఆనించి పడుకున్నాడు. సింహం నావైపు జాలిగా చూసింది.

"ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంది ప్రసన్నా. నేరం జరిగే వాతావరణమే కాదు..."

తర్వాత వినిపించింది గురక.

నాయనమ్మ చీపురు పట్టుకొచ్చింది. "పిల్లి చస్తుంటే నీకు నిద్రా! లే! బండి తియ్!"

స్కూటరు మీద నూజివీడు బయల్దేరాం. వెనక నేను, నా ఒళ్లో తువ్వాలులో చుట్టిన చిన్నరసం. నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో బాబాయి కెవ్వుమన్నాడు.

"మంట! చెంప మండిపోతోంది! చీమలు పాకుతున్నట్టు ఉంది! హంతకి నాకు కూడా పెట్టేసింది! పొద్దున్న నాకు టీ ఇచ్చిందెవరు?"

"నేనే బాబాయ్."

"నువ్వు కూడానా!"

పశువుల ఆసుపత్రిలో డాక్టర్ స్వాతిగారు చిన్నరసాన్ని బల్లమీద పడుకోబెట్టి, "దీనికి ఏదైనా మందు తగిలిందా?" అని అడిగారు.

"తగల్లేదండీ, పెట్టారు. ముందు నన్ను చూడండి. నాకూ ఎక్కింది."

"ఇది పశువుల ఆసుపత్రి అండీ."

"ఫరవాలేదండీ, సర్దుకుంటాను."

ఆవిడ ఇంజెక్షన్ సిద్ధం చేస్తూనే ఆయన ముఖం వంక చూశారు. "ఒక్క చెంపే మండుతోందా? దేనికి ఆనించారు?"

"కుక్కకండీ."

"కుక్కకి ఎందుకు ఆనించారు?"

"అప్పుడు నేను పిల్లినండీ."

డాక్టరుగారి చెయ్యి ఆగింది. "ఈ పిల్లి కూడా ఆ కుక్క దగ్గరే పడుకుంటుందా?"

"రోజూనండీ."

"ఆ కుక్క ఒంటికి ఈమధ్య ఏమైనా వేశారా?"

"అబ్బే, కుక్కకి కేసుతో సంబంధం లేదండీ. నేనే కొట్టేయించాను."

అచ్చమ్మత్త వెళ్లిపోతున్న వీపు కళ్లముందు కనిపించింది.

"నేను వేశానండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "గోమార్ల మందు. నిన్న సాయంత్రం ఐదింటికి. పెట్టె ఇదిగోండి." నోటుబుక్కులో మడిచి దాచిన అట్టపెట్టె ఇచ్చాను.

ఆవిడ దానిమీద బొమ్మ చూపించారు. ఒక పిల్లి, దానిమీద అడ్డంగా ఎర్రగీత. "ఇది చూడలేదా?"

"చూశామండీ" అన్నాడు బాబాయి. "ఈ అమ్మాయి అడిగితే నేనే వివరించాను. ఈ మందు వేస్తే కుక్క పిల్లిని తరమదని."

డాక్టరుగారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"కుక్కకి ఇది మంచి మందే. అమ్మాయి వెయ్యాల్సిన చోటే వేసింది. కానీ ఈ మందుని తట్టుకునే శక్తి పిల్లి ఒంటికి ఉండదు. రాత్రంతా ఆ తడిమీద పడుకుంది, తర్వాత ఒళ్లు నాక్కుంది. మందు వేశాక కొన్నాళ్లు రెంటినీ విడివిడిగా ఉంచాలి. అసలు పిల్లి ఉన్న ఇంట్లో కుక్కకి ఏం వెయ్యాలన్నా ముందు మమ్మల్ని అడగాలి. పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదు?"

నేను బాబాయి వంక చూశాను. బాబాయి గోడమీద గేదె బొమ్మ వంక చూశాడు.

చిన్నరసానికి సూదులు వేశారు. గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో ఒళ్లంతా కడిగి ఆరబెట్టారు. మిగిలిన సబ్బు బాబాయి చెంపకి ఇచ్చారు. మధ్యాహ్నం నాలుగింటికి చిన్నరసం వణుకు తగ్గి తల ఎత్తింది.

"కేసు క్లోజ్!" అన్నాడు బాబాయి. "నా చెంపనే ప్రయోగశాలగా మార్చి నిజం రాబట్టాను."

ఆ సాయంత్రం నాయనమ్మ, నేను, బాబాయి అచ్చమ్మత్త ఇంటికి వెళ్లాం. వీధి కుళాయి దగ్గర బిందెలతో ఆడవాళ్లందరూ ఉన్నారు. అచ్చమ్మత్త గుమ్మంలోంచి లేవలేదు.

"అచ్చమ్మా! నా అపూర్వ మేధాశక్తితో నువ్వు నిర్దోషివని..." అని బాబాయి మొదలుపెట్టాడు. నాయనమ్మ ఆయన్ని పక్కకి తోసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"మందు వేసింది నేనత్తా" అన్నాను. కుళాయి దగ్గరివాళ్లకి వినపడేంత గట్టిగా. "కుక్కకి వేసిన మందే పిల్లికి తగిలింది. నువ్వు దానికి పెరుగన్నం పెట్టావు. నేను చూశాను. చూసి కూడా పొద్దున్న నోరెత్తలేదు."

కుళాయి కట్టేశారెవరో.

అప్పుడు నాయనమ్మ అంది. "పదిమందిలో నిన్ను అన్నాను. పదిమందిలోనే చెబుతున్నా. తప్పు నాది. నువ్వు రా తల్లీ."

అచ్చమ్మత్త గుమ్మంలోంచే అడిగింది.

"బతికిందా అది?"

"బతికింది."

"పొద్దున్నే వస్తానమ్మగారూ." లేచి చీర దులుపుకుంది. నన్ను దగ్గరికి లాక్కుని, నా భుజం మీద చెయ్యి వేసి, బాబాయివైపు తిరిగింది. "చెంప ఇంకా మండుతోందా బాబూ?"

"మండుతోంది అచ్చమ్మా" అన్నాడు బాబాయి, అడిగే మనిషి దొరికినందుకు పొంగిపోతూ. "రేపటిదాకా ఉంటుందన్నారు డాక్టరుగారు."

"ఉండనీండి" అంది అచ్చమ్మత్త.