ఒకటికి ముప్పై ఒకటి

ఆ ఉదయం కెమిస్ట్రీ టీచరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. క్లాసులో మెగ్నీషియం రిబ్బను కాల్చాలి. పెరిగిన బరువంతా గాలిలోంచి వచ్చి చేరిన ఆక్సిజనే కాబట్టి లెక్క కట్టి, ఒక మెగ్నీషియానికి ఒక ఆక్సిజన్ అని బోర్డు మీద ఫార్ములా రాయాలి. వెనక బెంచీలో ఇన్‌స్పెక్టరు కూర్చుని చూస్తాడు. ఆయన సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. హెడ్‌మిస్ట్రెస్ సొంత పిన్నే గానీ, ఆ సంతకం ఆవిడ చేతిలో లేదు.

బయట తుంపర. మబ్బు లోపలికొచ్చి బెంచీల మీద కూర్చున్నట్టుంది ల్యాబు. పింగాణీ గిన్నెలో రిబ్బను భగ్గుమంది. ఆ తెల్లటి వెలుగు ఆరాక అందరి కళ్ల ముందూ ఊదారంగు చేపలు ఈదసాగాయి. టీచరమ్మ ఆ చేపలను తప్పించుకుంటూ, కలలో తూచినట్టు గిన్నెను తూచింది.

మెగ్నీషియం పావు గ్రాము కూడా లేదు. పెరిగిన బరువు దాదాపు అయిదు గ్రాములు. మొదటిదాన్ని ఇరవై నాలుగుతో, రెండోదాన్ని పదహారుతో, అంటే ఎవరి పరమాణు భారంతో వాళ్లను భాగించింది. ఒకటికి ముప్పై ఒకటి. తుడిచి మళ్లీ చేసింది. ముప్పై ఒకటి కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు లేచి, ఇది పుస్తకాల్లో ఉందా అని మెల్లగా అడిగాడు. లేదంది. ఇరవై ఏళ్లుగా బళ్లు తిరుగుతున్నా ఆయనకు ఒక్క కొత్త ముక్క తగల్లేదు. ఫోను పట్టుకుని వరండాలోకి తేలిపోయాడు.

అంతలో పిన్ని వచ్చింది. ఆవిడది హిస్టరీ.

"అన్ని ఆక్సిజన్లు ఎక్కణ్నుంచి వచ్చాయే?"

"ఈ గదిలోంచే పిన్నీ."

"మరి మనకేం మిగిలింది?"

పిన్ని లాంగ్ బెల్ కొట్టించింది. రెండు నిమిషాల్లో ఆరువందల మంది మైదానంలో ఉన్నారు. గుక్కకీ గుక్కకీ మధ్య పదంకెలు లెక్కపెట్టమన్నాడు లెక్కల మాస్టారు. అందరూ తడి గడ్డి మీద వెల్లకిలా పడుకుని, మబ్బులు చూస్తూ పొదుపుగా ఊపిరి తీశారు. కట్టిన నాటినుంచీ బడి అంత బుద్ధిగా ఎప్పుడూ లేదు.

ల్యాబులో టీచరమ్మ ఒక్కతే మిగిలింది. చేపలు పల్చబడ్డాయి. త్రాసు మీద గిన్నె, గిన్నె మీద మూత కనిపించాయి. కాల్చకముందు మూత లేకుండా తూచింది. కాల్చాక మూతతో తూచింది. వచ్చి చేరిన ముప్పై ఒక్క వంతుల ఆక్సిజన్‌లో ముప్పై వంతులు పింగాణీ!

మూత తీసి దాచేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్లలు రేపు పరీక్షలో ముప్పై ఒకటి అనే రాస్తారు. మూత చేత్తో పట్టుకుని, ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ మైదానంలో ఇన్‌స్పెక్టరు పడుకున్న చోటికి వెళ్లి, జరిగిందంతా చెప్పేసింది.

ఆయన మొహం మెగ్నీషియం బూడిదలా పాలిపోయింది.

"మెల్లగా అమ్మా. దీన్ని కనిపెట్టింది నేనేనని పై ఆఫీసుకు చెప్పేశాను."

పక్కనే కళ్లు మూసుకుని పడుకున్న పిన్ని, కళ్లు తెరవకుండానే అడిగింది. "అయితే తప్పు కూడా మీదేనాండీ?"

ఆయన లేచి కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఉద్యోగం పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టాడు. ఈ మాట ఇక్కడితో ఆగిపోవాలని బతిమాలుకున్నాడు కూడా.

అప్పటికే పై ఆఫీసు ఆ ముప్పై ఒకటి మీద ఒక కమిటీ వేసి, ఆయన్నే అధ్యక్షుణ్ని చేసింది.