టైగర్‌కు నెల తప్పింది

ఆ ఉదయం జయరాజ్ పెట్టుకున్న పని ఒక్కటే. హైదరాబాద్ నుంచి పై అధికారి సువర్ణ మేడమ్ వచ్చేలోగా టైగర్ రక్తంలో ప్రొజెస్టిరాన్ లేదని తేల్చుకోవాలి. ఆడకుక్కలు చూలుతో ఉన్నప్పుడు బాగా పెరిగే ఆ హార్మోన్‌ను చవకగా కొలిచే పరీక్షను, కొత్తగూడెంలోని చిన్న ల్యాబులో అతను రెండేళ్లుగా తయారు చేస్తున్నాడు. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మగకుక్క రక్తం పెడతారు, అందులో అది దాదాపు సున్నా రావాలి. టైగర్ మగకుక్క. అయినా నెల రోజులుగా వాడి రక్తం నిండు చూలాలి లెక్క చూపిస్తోంది. ఇవాళ కూడా అదే వస్తే మేడమ్ ఈ పని ఆపేయించి, జయరాజ్‌ను మళ్లీ గేదెల పేడ పరీక్షలకు పంపుతారు.

పాపం, అతను చేయని మరమ్మతు లేదు. నీళ్లు మార్చాడు, పరీక్షలో కలిపే మందులు పారబోసి కొత్తవి తెచ్చాడు, చివరికి నిన్న వాటిని దాచే ఫ్రిజ్ కూడా మార్చాడు. మధ్యలో కుక్క కడుపులో గడ్డేమైనా ఉందేమోనని అనుమానమొచ్చి, బొగ్గుగని క్వార్టర్స్‌లో ఉండే దాని యజమానురాలు జోజమ్మకు ఫోన్ చేశాడు. ఆమె వెంటనే పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, టైగర్‌కు మాంసం మాన్పించి రాగిజావ మొదలుపెట్టింది. అప్పటి నుంచి టైగర్ పాలవాణ్ణి కూడా వాకిట్లోకి రానివ్వడం లేదు.

రక్తం తెచ్చే పని అసిస్టెంటు యోనాది. పొద్దున్నే అతను తెచ్చిన రక్తాన్ని జయరాజ్ ఆశ లేకుండానే మిషన్లో పెట్టాడు. దాదాపు సున్నా వచ్చింది. మళ్లీ పెట్టినా అంతే.

"దొరికింది యోనా. తప్పంతా ఫ్రిజ్‌దే," అంటూ కుర్చీలో కూలబడ్డాడు. సంతోషించడానికి కూడా ఓపిక లేదు.

"అవ్ సార్, ఫ్రిజ్‌దే," అన్నాడు యోనా, అటు తిరిగి.

మేడమ్ వచ్చి కథంతా విన్నారు. "పోయిన వారం దాకా అంతుండి ఇవాళ ఒక్కసారే పడిపోయిందా? ఫ్రిజ్ అట్లా చేయదు జయరాజ్. పద, కుక్కను చూద్దాం."

క్వార్టర్స్ వాకిట్లో టైగర్ గొలుసు తెంపుకునేలా మొరుగుతున్నాడు. యోనా జీపు దిగలేదు.

"మంచిగ వచ్చిండ్రు సార్," అని ఎదురొచ్చింది జోజమ్మ. "యోనా బిస్కెట్లేసి సూదేస్తడు గదా, ఆ నల్లకుక్క. ఇప్పుడే మా కట్టెల గదిల పిల్లల్ని పెట్టింది."

"టైగర్‌కు కదా సూదేయాల్సింది?"

"వాని దగ్గరికెవరు పోతరు సార్? సూది గుచ్చకుండనే వాని రోగం చెప్తాందంటే మీ మిషన్ శానా గొప్పదనుకున్న."

జయరాజ్ జీపు వైపు చూశాడు.

"కరుస్తడు సార్," అన్నాడు యోనా లోపలి నుంచే. "ఇదైతే మంచిగ కాలందిస్తది. ఏ కుక్కదైనా నెత్తురే గదా అనుకున్న. దానికి కడుపున్నదని నాకేం ఎరుక?"

మేడమ్ కట్టెల గదిలోకి తొంగి చూసి వచ్చారు. "ఈనడానికి ఒకరోజు ముందు ఆ హార్మోన్ పడిపోతుంది. నీ పరీక్ష నెల రోజులూ నిజమే చెప్పింది, ఇవాళా నిజమే చెప్పింది. నువ్వే నమ్మలేదు."

జయరాజ్‌కు ఏడుపొచ్చింది. నిక్షేపంలాంటి మందులను చేజేతులా సింకులో పారబోసుకున్నాడు. గట్టు మీద కూర్చుని, జోజమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు.

పని కొనసాగించమని మేడమ్ అక్కడే సంతకం పెట్టారు. కింద ఒక్క షరతు రాశారు: ఇకమీదట టైగర్ రక్తం తెచ్చిన మనిషి చేతి మీద పంటిగాట్లు ఉంటేనే ఆ రక్తాన్ని పరీక్షకు తీసుకోవాలి.