గండికోటకు బూట్లు కుదిరిన కథ

"కొండ ఎక్కి దిగేవాడికి ముందు కావలసింది కాళ్లు కాదు, సరైన బూట్లు!" అని ప్రొద్దుటూరు ఉదయపు నడక మిత్రమండలి ఎదుట హరికృష్ణ ప్రకటించాడు. మండలి అంటే ఏడుగురు. సభాస్థలి అంటే మైదానం పక్కన టీ బండి. మాట మాత్రం ఎర్రకోట మీద నుంచి వచ్చినట్టే వచ్చింది.

ఆ మాట వెనక గుండెదడ ఉంది. గండికోటకు పోయి, పెన్నా లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి రావాలని మండలి తీర్మానించింది. నాయకుడు హరికృష్ణే. ఎందుకంటే హిమాలయాల్లో పదమూడు వేల అడుగులు ఎక్కొచ్చానని ఆయన నాలుగేళ్లుగా చెప్పుకుంటున్నాడు. నిజానికి ఆయన ఎక్కింది బస్సు. ఆ బస్సులో వచ్చిన తక్కిన యాత్రికులు మంచులో నడుస్తుంటే ఈయన శాలువా కప్పుకుని అందరి సంచులకూ కాపలా కాశాడు. మేడ మీద నీళ్ల ట్యాంకు చూడాలన్నా గోడ పట్టుకుని పోయే మనిషి! లోయ అంచున నిలబెడితే నాలుగేళ్ల పరువు పెన్నలో కలవడం ఖాయం.

అందుకే బూట్లను అడ్డం పెట్టుకున్నాడు. "ఎవరి కాలు మడతపడినా బాధ్యత నాది. ముందు నా బూట్ల సంగతి తేలనీ. అవి చూసి మీరూ కొనుక్కుందురు గానీ," అన్నాడు. అందరూ గంభీరంగా తలలూపారు.

ఆయన తహసీల్దారు ఆఫీసులో ఇరవయ్యారేళ్ల సర్వీసున్న సీనియర్ అసిస్టెంటు. విరిగిన కుర్చీ మార్చాలన్నా మూడు కొటేషన్లు ఉండాలంటాడు. కాబట్టి బూట్లకు మూడు ఊళ్లు తిరగాలని నిర్ణయించాడు.

మొదట ప్రొద్దుటూరులో, మండలి సభ్యుడు ఇనాయతుల్లా దుకాణం.

"అతికినట్టుంది చూడప్పా," అన్నాడు ఇనాయతుల్లా.

"అతికితే ఎట్లా? దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తంతాది. దానికి జాగా ఏది?"

ఒక సైజు పెద్దది ఇచ్చాడు.

"మడమ ఆడతాంది. అయినా పొద్దున కాలు చూసి బూట్లు కొనకూడదప్పా. సాయంత్రం రావాల."

సాయంత్రం పోయి, ఉబ్బిన కాలును నమ్మి నిర్ణయం తీసుకోలేనన్నాడు.

జమ్మలమడుగులో తడి బండ మీద పట్టు చూడాలన్నాడు. దుకాణందారు పట్టుదల గలవాడు, నాపబండ తెప్పించి నీళ్లు చల్లాడు. బూటు జారలేదు. "ఇది నున్నటి బండ. గండికోటది గరుకు బండ," అని హరికృష్ణ బయటికొచ్చేశాడు. పులివెందులలో అంతా కుదిరింది గానీ, లేసు రంగు మీద అభ్యంతరం రాసుకున్నాడు.

నాలుగు నెలల్లో ప్రయాణం ఐదుసార్లు వాయిదా పడింది. ప్రతిసారీ ఫోను గ్రూపులో "పరిశీలనలో ఉన్నది" అని పెట్టేవాడు. ఒక్కరూ విసుక్కోలేదు. తన అనుభవం మీద వాళ్లకెంత గౌరవమో అని మురిసిపోయాడు.

కొంప ముంచింది ఆయన భార్య నాగలక్ష్మి ప్రేమ. బూట్ల కోసం మనిషి ఊళ్లు తిరిగి నలిగిపోతున్నాడని ఆమె బాధ. పక్కింటి ఖైరున్నీసా మొగుడు కువైట్ నుంచి సెలవు మీద వస్తున్నాడు. ఆ వీధిలో కువైట్ చెప్పులు కావాలంటే ఒకటే పద్ధతి: కాగితం మీద కాలి గీత గీసి పంపడం. ఆదివారం మధ్యాహ్నం హరికృష్ణ తిని పడుకున్నప్పుడు, క్యాలెండరు కాగితం పాదానికి ఆనించి, పెన్సిలుతో చుట్టూ గీసేసింది.

మూడు వారాలకు అట్టపెట్టె వచ్చింది.

"కాలు పెట్టు," అంది.

పెట్టాడు. బొటనవేలికి జాగా ఉంది. మడమ ఆడలేదు. ఆశగా సాయంత్రం దాకా చూశాడు, అప్పుడూ సరిపోయాయి. లేసు రంగు కూడా బాగుంది.

"ఎట్లుండాయి?"

"శానా బాగుండాయి," అన్నాడు, చావుకబురు చెప్పినట్టు. అప్పటికే ఆమె ఫోటో తీసి గ్రూపులో పెట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఏడుగురూ గండికోట లోయ అంచున ఉన్నారు. కింద ఎక్కడో పెన్న. ఎర్రబండల మధ్య దారి నిట్టనిలువుగా దిగిపోతోంది.

"రోంత జరగండి సామీ, జీవాలు దిగాల," అంటూ తిరుపాలమ్మ అనే ముసలామె మేకల వెనక, అరిగిపోయిన హవాయి చెప్పులతో టకటకా దిగిపోయింది.

హరికృష్ణ బూట్లు బండను గట్టిగా పట్టుకునే ఉన్నాయి. వాటిలోని మనిషికే పట్టు తప్పింది. ఆయన కూలబడిపోయాడు.

"నేను హిమాలయాలు ఎక్కలేదప్పా. బస్సులో కూర్చున్నా. నాకు ఎత్తంటే భయం," అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అది మాకెప్పుడో తెలుసు," అన్నాడు ఇనాయతుల్లా మెల్లగా. "నువ్వు కాపలా కాసిన సంచుల్లో ఒకటి మన గోవిందు బామ్మర్దిది."

"తెలిసీ నన్ను లీడరు ఎందుకు చేసినారు మరి?"

ఐదెకరాల రైతు గోవిందు రెండు చేతులతో బండను వాటేసుకుని ఉన్నాడు. కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"మాకు మాత్రం భయం ల్యాదా? నోరు జారి ఊరంతా చెప్పుకుంటిమి. వద్దని ముందు ఎవురనాల? నీ చేతికిస్తే ఏదీ ముందుకు పోదని నమ్మి నీకిస్తిమి. ఆరేండ్లుగా నా పొలం పాసుబుక్కు ఆపిన మనిషివి, ఒక జత బూట్లు ఆపలేకపోతివే!"