డెంప్‌స్టర్ రోడ్డు మీద ఒక్క నిమిషం

ఆ ఉదయం ఉత్తర కెనడాలోని డాసన్‌లో, చిన్న ఇల్లులాంటి ట్రెయిలర్‌ని పికప్ బండికి తగిలిస్తున్నప్పుడు ఆర్విల్ మనసులో ఉన్న పథకం చాలా చిన్నది. కనుమ దాకా వెళ్ళాలి. లోయంతా ఎర్రబారి కనిపించే చోట ఆగాలి. కాఫీ కాచి ఇచ్చి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని డెల్ఫిన్‌ని అడగాలి.

ఇంత చిన్న మాటకు అంత దూరం దేనికంటే, డెల్ఫిన్‌ది ఊళ్ళో లాండ్రీ. ఊరందరి చొక్కాలూ అక్కడే ఉతుకుతారు, ఊరందరి సంగతులూ అక్కడే ఆరేస్తారు. ఆర్విల్ అరవై దాటిన వడ్రంగి. మాట పొదుపు, సిగ్గు దుబారా. ఈ చలికాలం కొట్టు మూసేసి దక్షిణాన చెల్లెలి దగ్గరికి పోతానేమోనని మొన్న ఆమె అన్నప్పటినుంచీ అతనికి ముద్ద దిగడం లేదు. అందుకే మనిషి జాడలేని డెంప్‌స్టర్ రోడ్డు ఎంచుకున్నాడు. ఆ రోడ్డు మీద ఆగిన బండిని దాటి ఎవరూ పోరు. ఫోను పలకని చోట రేపు మన గతీ అదే కదా! ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఆ పూట మాత్రం గుర్తు రాలేదు.

ట్రెయిలర్ మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. కాఫీ పొంగింది. ఆర్విల్ గొంతు సవరించుకున్నాడు.

"డెల్ఫిన్, నీతో ఒక మాట..."

కంకర చిటపటలాడింది. ఒక వేటగాడి బండి వచ్చి పక్కనే ఆగింది. క్లెమ్ అట అతని పేరు.

"ఏమైందన్నా? టైరా?"

"ఏం కాలేదయ్యా. కాఫీ తాగుతున్నాం."

"మరి మొహం అలా పాలిపోయిందేం? బండి చెడిందని చెప్పుకోడానికి సిగ్గెందుకన్నా? నాకూ చెడింది నిరుడు!" అంటూ క్లెమ్ బానెట్ ఎత్తి, ఏవో రెండు తీగలు ఊడదీసి చూసి, ఆ పైన ట్రెయిలర్ కిందకి దూరాడు.

వెనకాలే డీజిల్ ట్యాంకరు వచ్చింది. నడిపే రోజలీకి కనిపించినవి రెండు బండ్లు, ట్రెయిలర్ కింద రెండు కాళ్ళు.

"అయ్యో, మనిషి కింద పడ్డాడు!" అని దూకి, క్లెమ్‌ని కాళ్ళు పట్టుకుని బరబరా ఈడ్చింది.

"బతికే ఉన్నానే తల్లీ, వదులు!"

రోజలీ రోడ్డుకడ్డంగా పెట్టిన ఎర్ర దీపాలు చూసి ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ ఊరికి పోతున్న కుటుంబం ఆగింది. అందులోంచి దిగిన మామ్మ తిన్నగా ఆర్విల్ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని చూసింది.

"చెమటలు పడుతున్నాయి. గుండె దడదడలాడుతోంది. పడుకో నాయనా."

"మామ్మా, నాకేం లేదు..."

"అందరూ అలాగే అంటారు. పడుకో!"

దుప్పట్లు వచ్చాయి. ఈ గుంపు చూసి ఎలుగుబంటి కాబోలనుకుని ఇద్దరు యాత్రికులు మోటారు సైకిళ్ళు ఆపి కెమెరాలు తీశారు. కాస్త తెరిపిన పడ్డాక ఎవరో మంట వేశారు, కారిబూ దుప్పి మాంసం కాల్చడం మొదలైంది. డెల్ఫిన్ అందరికీ కాఫీ పోస్తూ పడీ పడీ నవ్వుతోంది.

"నొప్పి ఎక్కడ నాయనా? గుండెలోనేనా?" అంది మామ్మ.

దుప్పటి కింద ఆర్విల్‌కి ఓపిక నశించింది. ఒక్క ఉదుటున లేచాడు.

"గుండెలోదే, కానీ నొప్పి కాదు! నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఈవిణ్ణి అడగడానికొచ్చాను! ఒక్క నిమిషం మమ్మల్ని మా మానాన వదిలెయ్యండి!"

క్లెమ్ టోపీ తీశాడు. మామ్మ తనవాళ్ళ మీద విరుచుకుపడింది: "బుద్ధుందా మీకు? పదండి, పదండి!" క్లెమ్ గబగబా బానెట్ దించి బండెక్కాడు. రోజలీ దీపాలు తీసేసి ట్యాంకరెక్కి, దారిలోని బండ్లన్నిటికీ వినిపించే రేడియో అందుకుంది. చూస్తుండగానే దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

"ఊరందరికీ చెప్పావు," అంది డెల్ఫిన్. "నన్నొక్కదాన్నే అడగలేదు."

అడిగాడు. ఎన్నాళ్ళుగానో వల్లించిన వాక్యం ఒక్క ముక్కా నోటికి రాలేదు. "చెల్లెలి దగ్గరికి పోకు," అని మాత్రం అన్నాడు.

"ఇంత మందిని ఆపినవాడివి, నన్ను ఆపలేవా? పోనులే," అంది ఆమె, అతని చెయ్యి పట్టుకుని.

సంబరంగా తాళం తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. బానెట్ ఎత్తి చూస్తే క్లెమ్ ఊడదీసిన తీగల్లో ఒకటి లేనే లేదు. అతని జేబులో ఎటో ప్రయాణం కట్టింది.

భయమేముంది, ఈ రోడ్డు మీద ఆగనివాడుంటాడా? ఎదురుగా లారీ కనిపించగానే ఆర్విల్ చేతులూపాడు. లారీ నెమ్మదించింది. డ్రైవరు రెండు చేతులూ జోడించి, నవ్వి, హారన్ మోగించుకుంటూ సాగిపోయాడు. తరవాతి వ్యానూ అంతే. డెల్ఫిన్ రోడ్డు మధ్యకెళ్ళి టవలు ఊపితే, కారులో ఒకావిడ ఆమెని తప్పించుకుని పోతూ కిటికీలోంచి ఆపిల్ కేకు అందించింది.

"ఆగండమ్మా! బండి చెడింది!"

"రోజలీ అంతా చెప్పింది! మీ జోలికి ఎవరూ రారు, హాయిగా ఉండండి!"

మర్నాడు సాయంత్రానికి రోడ్డు చదును చేసే బండి ఒకటి వచ్చి ఆగింది. దాని రేడియో పాడైపోయిందట.