ఇనపజడ మరణ నమోదు వ్యవహారం

మాయాలోకాలు కల్పించేవాళ్లు నిప్పు కక్కే డ్రాగన్లను కల్పించారు, మాట్లాడే కత్తులను కల్పించారు, చచ్చాక కూడా కవాతు చేసే సైన్యాలను కల్పించారు. కానీ ఇన్నేళ్లలో ఒక్కరికైనా భోజన విరామాన్ని కల్పించాలని తోచలేదు. ఆ లోటును ఒక ఆదివారం, తన అల్లుడుగారి బల్ల దగ్గర, పెద్దమ్మ పూడ్చింది.

ఆ బల్ల చుట్టూ వారం వారం ఒక ఆట సాగుతుంది. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ, నోటిమాటతోనే సాహసాలు చేసే ఆట. కళ్లద్దాల దుకాణం నడిపే అల్లుడే ఆటకు పెద్ద. కోట, వాన, డ్రాగన్ అన్నీ ఆయనే. పక్కింటి పళ్ల డాక్టరు మాంత్రికుడు. పెద్దమ్మ చెల్లెలి కూతురు ఇనపజడ అనే యోధురాలు. ఆ పాత్రను ఆ అమ్మాయి మూడేళ్లుగా కన్నబిడ్డలా పెంచుకొస్తోంది. కోట గుమాస్తా పాత్ర ఎవరికీ అక్కర్లేకపోతే పెద్దమ్మకు అంటగట్టారు. (బలం: సున్నా. మాయాశక్తి: సున్నా. ఆయుధం: రబ్బరు స్టాంపు. అదీ దొరక్కపోతే సీసా మూతతో సరిపెట్టారు.)

ఆ రోజు ఇనపజడకు పాచిక మీద ఒకటి పడింది. ఆ ఆటలో అంతకన్నా చెడ్డ అంకె లేదు.

“అయిపోయింది. డ్రాగన్ కాల్చేసింది,” అన్నాడు అల్లుడు. “చచ్చిపోయింది.”

అమ్మాయి మొహం వాడిపోయింది. “అలా అనకండి! మీకన్నా నాకు అదే ఎక్కువ.”

“బతికించే మంత్రం నా దగ్గరుంది. వజ్రం కావాలి,” అన్నాడు డాక్టరు.

“అది పోయిన వారం మీరే ఇచ్చేసి గుర్రం తెచ్చుకున్నారుగా!” అంది అమ్మాయి.

డాక్టరు తన కాగితం మీద రాసుకున్న గుర్రం వంక చూసుకున్నాడు.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. “చచ్చిపోయిందని ఎవరు చెప్పారు?”

“నేనే అత్తయ్యగారూ.”

“మీరెవరు?”

అల్లుడు కాస్త తడబడ్డాడు. “డ్రాగన్‌ని.”

“చంపినవాళ్ల మాట చెల్లదు. మరణం నమోదు కావాలి. అందాకా మా కోట లెక్కలో ఆ పిల్ల బతికున్నట్టే. లేవవే అమ్మాయ్, కత్తి పట్టుకో.”

అల్లుడు నియమాల పుస్తకం తిరగేశాడు. విషం తాగినవాడికి నియమం ఉంది. కప్పగా మారినవాడికి ఉంది. కప్పగా మారి, ఆపైన రాయిగా మారినవాడికీ ఉంది. (కప్ప రాయిగా మారినట్టా, మనిషే మారినట్టా అన్నదానికి అనుబంధం కూడా ఉంది.) నమోదు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

“సరే, నమోదు చేసుకోండి,” అన్నాడు పంతంగా.

“గుమాస్తా భోజనానికెళ్లింది,” అని పెద్దమ్మ నిజంగానే లేచి, వంటింట్లోకెళ్లి తీరిగ్గా మంచినీళ్లు తాగొచ్చింది.

తర్వాత డ్రాగన్‌ను ఫొటో అడిగింది, నోరు మూసుకుని తీయించుకున్నదే కావాలంది. ఇంటి నంబరు అడిగింది. గుహకు నంబరు ఉండదంటే, ఉందని పక్క గుహవాళ్ల చేత రాయించుకు రమ్మంది. వరుసలో నిలబడమంది. ముందు బోలెడన్ని దయ్యాలున్నాయి. తాము చచ్చామని రుజువు చేసుకోవడానికి వచ్చి, అసలు మనిషి ప్రాణాలతో వస్తేగానీ కుదరదన్నారని అక్కడే ఆగిపోయినవి.

“ఆఫీసునే కాల్చేస్తాను!” అన్నాడు అల్లుడు.

“కాల్చండి బాబూ. అప్పుడు అందరూ మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. మీతో సహా.”

డ్రాగన్ రెక్కలు ముడుచుకుని దయ్యాల వెనక నిలబడింది. ఈలోగా ఇనపజడ రెండు ఊళ్లు కాపాడి, డాక్టరు గుర్రాన్ని కూడా లాక్కుంది.

“అమ్మా, ఇంత గట్టి నియమాలు ఏ ఆటలోనూ లేవు. ఎక్కడ నేర్చారు?” అన్నాడు డాక్టరు.

“మా ఆయన పోయినప్పుడు,” అంది పెద్దమ్మ. “పోయారని ఆఫీసు వాళ్లను ఒప్పించడానికి ఏడాది తిరిగాను. ఆ ఏడాదీ వాళ్ల లెక్కలో ఆయన ఉన్నట్టే. వచ్చి సంతకం పెట్టమని ఆయనకే కబుర్లు పంపేవారు.”

“పాపం, ఎంత తిరిగావో పెద్దమ్మా,” అంది అమ్మాయి.

“తొందరపడ్డానే. ఇంకాస్త మెల్లగా తిరగాల్సింది.”

అని, స్టాంపు వేయకుండానే సీసా మూతను పక్కన పెట్టి, డ్రాగన్‌ను రేపు రమ్మంది.