సిద్దప్ప సారు వెనక నడక

ఆ మంగళవారం పొద్దున సిద్దప్ప సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలికి ఉప్పు కాపడం పెట్టుకోవాలి, వీధిలో పది నిమిషాలు వెనక్కి నడవాలి, ఎనిమిదిన్నరకల్లా బడికి పోవాలి. ఆ రోజు అమావాస్య అని ఆయనకు తెలియదు. తెలిసినా లెక్కచేసే మనిషి కాదు. పుంగనూరులో పిల్లలకు ఫిజిక్సు చెబుతూ, సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి చేతబడి లేదు, దయ్యం లేదు అని ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నవాడు. పొలమూ పుట్రా ఏమీ సంపాదించలేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరొక్కటే.

కాలి నొప్పి కూడా ఆ పేరు తెచ్చిపెట్టిందే. మూడు వారాల క్రితం కుప్పంలో ఒక బడి ఆవరణలో నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదని చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో యాభై నాలుగేళ్ళ మనిషి స్టేజీ మీది నుంచి కుర్రాడిలా దూకాడు. నిప్పులు చేయలేని పని చప్పట్లు చేశాయి. మోకాలి వెనక ఏదో పుటుక్కుమంది.

మోకీలు అరిగిపోయిందనీ, ఆపరేషను తప్పదనీ ఇల్లంతా ఏడుపు మొదలైతే, మదనపల్లిలో ఫిజియోథెరపీ చేసే నీలిమ పరీక్షించి తేల్చింది. "కీలు బాగుండాది సార్. ఎముకా అరగలేదు. తొడ ఎనక కండరం మోకాలి కాడ సాగి పట్టేసింది, అంతే. వారం రోజులు మెట్లెక్కొద్దు, ఐసు పెట్టండి. నొప్పి తగ్గినాక ఉప్పు కాపడం. ఆ తర్వాత చదునుగా ఉండే సోట మెల్లగా ఎనక్కి నడవండి. పది నిమిషాలే. తొందరపడినారంటే మళ్ళా మొదటికొస్తాది."

ఆ ప్రకారమే సారు వెనక నడక మొదలుపెట్టాడు. భార్య రంగనాయకమ్మ కల్లుప్పు వేయించి, చేతికందిన పాత పసుపు గుడ్డలో మూట కట్టి ఇచ్చింది. ఆ మూట చేత పట్టుకుని, అడుగులు పైకే లెక్కపెట్టుకుంటూ, మూడు దారులు కలిసే మలుపు దాకా వెనక్కి వెళ్ళాడు. వీపుకు కళ్ళుండవు కదా, ఎదురింటి కుప్పమ్మ అక్కడ కట్టేసిన పుంగనూరు ఆవుకు పోయి తగులుకున్నాడు. నడుమెత్తు కూడా లేని ఆ ఆవు బెదిరి పక్కకు గెంతింది. మూట జారిపోయింది. లెక్క తప్పుతుందన్న కంగారులో సారు అది గమనించలేదు.

కుప్పమ్మ మాత్రం కిటికీలోంచి అంతా గమనించింది. అమావాస్య, మూడు దారుల మలుపు, పసుపు మూట, గొణుక్కుంటూ వెనక్కి నడిచే మనిషి. ఏడు గంటలకు చూస్తే ఆవు మేత ముట్టలేదు. నిజానికి అది ముందు రోజు నుంచే సరిగ్గా తినడం లేదు గానీ, ఆ సంగతి ఆవిడకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

సారు స్నానం చేసి వచ్చేసరికి గేటు ముందు నలభై మంది ఉన్నారు. ముందు వరసలో కుప్పమ్మ కొడుకు గిరిబాబు. ఒకప్పుడు సారు దగ్గరే చదువుకున్నాడు. చేతిలో కర్ర ఉంది. వెనక ఇద్దరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

"సార్, మా ఆవుకు యాల అట్ల చేసినారు?"

"ఏం చేసినానప్పా?"

"ఎనక్కి నడిసి దాని నోరు కట్టేసినారు. మా అమ్మ కళ్ళారా సూసింది. ఇప్పుడు ముందుకు పది సుట్లు నడిసి ఇప్పేయండి, పోతాం."

తన దగ్గర న్యూటన్ సూత్రాలు చెప్పించుకున్న పిల్లవాడేనా ఇతను? "రేయ్, ఇది కండరానికి ఎక్సర్సైజు!" అన్నాడు సారు.

"కుప్పంలో నిప్పుల మీద నడిసినాడు, కాళ్ళు కాల్లేదు. ఊరికే కాలకుండా ఉంటాయా?" అని వెనక నుంచి ఎవరో అందించారు. ఇరవై ఏళ్ళ ప్రచారం ఒక్క ముక్కలో ఆయన మీదే సాక్ష్యమైపోయింది.

ఇంతలో ఫోను మోగింది. హెడ్మాస్టరు. "సిద్దప్పా, వాట్సాప్‌లో నీ వీడియో వచ్చిందప్పా. రెండు దినాలు లీవు పెట్టు. పిల్లోళ్ళ అమ్మానాయన్లు భయపడతాండారు."

ఇక లాభం లేదని నీలిమకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. "అవును, ఎనక్కి నడవమని నేనే చెప్పినా," అంది ఆ పిల్ల స్పష్టంగా. "రోజూ తప్పకుండా చేయాల. మధ్యలో ఆపితే మొదటికే మోసం."

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. "అయితే గురువు మదనపల్లిలో ఉండాదన్నమాట," అంది కుప్పమ్మ.

రంగనాయకమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, పది సుట్లే కదా. నడిసేయరాదా?"

నడిస్తే ప్రాణం దక్కుతుంది. కానీ చేతబడి ఉందని తన కాళ్ళతోనే ఒప్పుకున్నట్టు. సారుకు గుండె మండిపోయింది. కుంటుకుంటూ గుంపును తోసుకుని మలుపు దాకా పోయాడు. మూట చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, ముట్టుకోకుండా కాపలా కాస్తున్నారు. గీత దాటి మూట అందుకుని అందరి ముందూ పర్రున చించాడు. "సూడండి! ఉప్పు! ఉత్త ఉప్పు!"

ఉప్పంతా ఆవు ముందు కుప్పగా పడింది. ఆవు వాసన చూసింది. నాలుక చాపి నాకింది. సారు గబుక్కున సగం ఉప్పు కాలితో పక్కకు నెట్టినా, మిగతాది పూర్తి చేసి, కుడితి తొట్టిలో మూతి పెట్టి అడుగంటా తాగింది. తలెత్తి ఒకసారి అందరినీ చూసి మేత మీద పడింది.

గిరిబాబు చేతిలోంచి కర్ర జారింది. కుప్పమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని రెండు చేతులూ జోడించింది. "ఒక్క నిమిషంలో తీసేసినావు కదా స్వామీ!"

కర్రలు చూసినప్పుడు పుట్టని వణుకు సారుకు ఆ దండం చూసినప్పుడు పుట్టింది. పొద్దున దాకా తను సారు. "స్వామీ లేదు, గీమీ లేదు!" అని అరిచాడు. "పశువుకు ఒంట్లో ఉప్పు తక్కువైతే ఆకలి మందగిస్తుంది. రోజూ దాణాలో గుప్పెడు కంటే తక్కువ కలపండి, నీళ్ళు నిండుగా పెట్టండి. దీన్ని సైన్సంటారు!"

ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన ప్రసంగం మధ్యలో ఎవరూ లేచిపోలేదు. గిరిబాబు ఫోనులో రాసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు కొలత సరిగ్గా చెప్పమని మళ్ళీ అడిగారు. సారుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి విన్నారు! ఇన్నాళ్ళ కష్టం ఊరికే పోలేదు.

కుప్పమ్మ భయభక్తులతో దగ్గరికి వచ్చింది. "ఆ ఉప్పు ఎనక్కి నడస్తా పెట్టాల్నా, ముందుకు నడస్తా పెట్టాల్నా స్వామీ?"

మోకాలు ఇంకో పదిహేను రోజుల్లో పూర్తిగా నయమైంది. పేరుకు తగిలిన దెబ్బకు మాత్రం తన దగ్గర ఎక్సర్సైజులేవీ లేవని నీలిమ చెప్పింది.